28 అడుగుల ట్రైలర్ 65 దాటితే తోక ఊపుతోంది: ఏ వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ కొనాలి?

ఆస్టిన్_అబ్బులు
బండి 2019 ఫోర్డ్ ఎఫ్-150 సూపర్‌క్రూ పికప్, 145 అంగుళాల వీల్‌బేస్. క్యాంపింగ్ ట్రైలర్ 28 అడుగులు, రెండు యాక్సిళ్లు. బ్రోషర్లో ఖాళీ బరువు 5,900 పౌండ్లు, జీవీడబ్ల్యూఆర్ (సామానుతో కలిపి దాటకూడని బరువు) 7,600. ఇప్పుడు ట్రక్‌నీ ట్రైలర్‌నీ కలిపే హిచ్ మామూలు డ్రాప్ బాల్ మౌంట్, అంటే కడ్డీ మీద ఒక ఉక్కు బాల్; పక్కన ఊగుడు ఆపే ఒక ఫ్రిక్షన్ స్వే బార్.

ఐ-35 హైవే మీద గంటకి 60 మైళ్ల దాకా కిక్కురుమనదు. 65 దాటాక పక్కనుంచి సెమీ (పెద్ద లారీ) దూసుకెళ్లిందా, ముందు ట్రైలర్‌ని అవతలికి తోస్తుంది, తర్వాత తనవైపు లాక్కుంటుంది, ఆపైన తోక మూడు నాలుగుసార్లు అటూ ఇటూ ఆడి గానీ ఆగదు. ఈక్వలైజర్, బ్లూ ఆక్స్ స్వేప్రో, ఆండర్సన్, ఈ మూడు హిచ్‌ల మధ్య ఊగుతున్నా. డీలర్‌నడిగితే "ఏదైనా ఒకటే, 1,200 పౌండ్ల బార్లు వేయించుకో, ఇక చూసుకోనక్కర్లేదు" అన్నాడు. బడ్జెట్ వెయ్యి డాలర్లు. ఏది తీసుకోమంటారు?

కాడి_మేడి
హిచ్ పేర్లు తర్వాత చూద్దాం. టంగ్ వెయిట్, అంటే ట్రైలర్ ముక్కు బాల్ మీద మోపే బరువు, ఎంతో తూయించారా? నీళ్లూ గ్యాసూ సామానూ అన్నీ ఎక్కించాక ఉండే బరువు.

ఎడ్లబండి తోలినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. బస్తాలు మరీ వెనక్కి సర్దితే కాడి పైకి లేచి ఎద్దు గొంతు కింద తాడు బిగుస్తుంది. మరీ ముందుకి సర్దితే బరువంతా మెడ మీద. ఇక్కడ ఎద్దు మెడ మీ రిసీవర్, ట్రక్ వెనక హిచ్ దూరే గొట్టం. ఎక్కించిన ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం బాల్ మీద పడాలి. 28 అడుగుల దానికి నేనైతే 12 కిందకి పోనివ్వను. 10 లోపు ఉందంటే ఎంత ఖరీదైన హిచ్ పెట్టినా జ్వరానికి దుప్పటి కప్పినట్టే.

ఆస్టిన్_అబ్బులు
బ్రోషర్లో హిచ్ వెయిట్ (అదే టంగ్ వెయిట్) 690 అనుంది. 5,900లో 11.7 శాతం. పర్లేదు కదా?

నట్టు_బోల్టు
అది ఫ్యాక్టరీ గేటు దాటేటప్పటి లెక్క. సాధారణంగా అందులో బ్యాటరీ ఉండదు, గ్యాస్ ఉండదు. నిండు 20 పౌండ్ల సిలిండర్ మొత్తం 37 పౌండ్ల దాకా తూగుతుంది. రెండు సిలిండర్లు, ఒక బ్యాటరీ కలిపితే ముక్కు మీద ఇంకో 120. ఇక నీళ్లు గ్యాలన్‌కి 8.34 పౌండ్లు. ఫ్రెష్ వాటర్ ట్యాంక్ యాక్సిళ్లకి ముందుంటే టంగ్ బరువు పెరుగుతుంది, వెనకుంటే తగ్గుతుంది. మీ ట్యాంక్ ఎక్కడుంది, ఎన్ని గ్యాలన్లది?

ఇంకోటి. రిసీవర్ మీద స్టిక్కర్ చదవండి, రెండు వరసలుంటాయి. వెయిట్ క్యారీయింగ్, అంటే సాదా బాల్ మీద, అన్నచోట ఎఫ్-150కి 5,000 ట్రైలర్, 500 టంగ్. అంతకు మించితే వెయిట్ డిస్ట్రిబ్యూటింగ్ హిచ్ ఉండి తీరాలి.

వరంగల్_వ్యాగన్
ఏందన్నా, సాదా బాల్ మీద గంత ట్రైలర్ గుంజుకపోతున్నవా? ఊగుడు సంగతి తర్వాత, ముందుగాల రిసీవర్ లెక్కే దాటినవ్.

డబుల్_యాక్సిల్
ఎందుకండీ ఇంత పంచాయితీ. ఈక్వలైజర్ పెట్టించండి, ఊగడం పోతుంది. ఆర్వీ పార్కుల్లో సగం మంది దగ్గర అదే ఉంటుంది.

కాడి_మేడి
> ఈక్వలైజర్ పెట్టించండి, ఊగడం పోతుంది

ఇక్కడే ఒప్పుకోను. పనులు రెండు, అందరూ కలిపేస్తారు. బరువు పంచడం ఒక పని: బాల్ మీద పడ్డ బరువుకి ట్రక్ వెనక కుంగి, ముందు యాక్సిల్ తేలికవుతుంది. స్ప్రింగ్ బార్లు లీవర్‌లా పైకెత్తి, వెనక యాక్సిల్ నుంచి కొంత ముందు చక్రాలకీ, కొంత ట్రైలర్ చక్రాలకీ పంపుతాయి. ఊగుడు ఆపడం వేరే పని: బాల్ దగ్గర ట్రైలర్ పక్కకి తిరగబోతే రాపిడితోనో, క్యామ్‌తోనో అడ్డుకోవడం. కొన్ని హిచ్‌లు రెండూ చేస్తాయి, కొన్ని మొదటిదే.

రెండూ చేసే హిచ్ ఉన్నా, తోక బరువుగా ఉంటే దాని ఊపు హిచ్ రాపిడిని మించిపోయే స్పీడు ఎక్కడో ఒకచోట వస్తుంది. హిచ్ ఆ స్పీడుని పైకి జరుపుతుంది, అంతే. బరువు సర్దితే అసలు ఊపే పుట్టదు. ట్రెడ్‌మిల్ మీద బొమ్మ కారుకి ట్రైలర్ కట్టి, బరువులు ముందుకీ వెనక్కీ జరిపి చూపించే వీడియో ఒకటి తిరుగుతుంటుంది, చూడండి. వేలితో ఒక్క తోపు చాలు.

వరంగల్_వ్యాగన్
అంటే కావడి లెక్క. భుజం నడుమల ఉంటే నడుస్తడు, ఒక్క కుండ బరువైతే తిప్పుతది.

ఆస్టిన్_అబ్బులు
ట్యాంక్ 50 గ్యాలన్లు, పడక కింద, యాక్సిళ్లకి వెనక. ప్రతిసారీ నింపుకునే బయల్దేరతాను. వెనక బంపర్ మీద ర్యాక్‌లో రెండు ఈ-బైకులు కూడా. సరే, తూయించడం ఎలా?

తూకం_రాళ్లు
ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ ఉంటుంది, పెద్ద పలకలు వరసగా. ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండో దాని మీద, ట్రైలర్ యాక్సిళ్లు మూడోదాని మీద. బటన్ నొక్కి ఫస్ట్ వెయ్ అని చెప్పండి, లేదా వాళ్ల యాప్‌లో చేయండి. తర్వాత ట్రైలర్‌ని పార్కింగ్‌లో విప్పి, ట్రక్ ఒక్కటే తెచ్చి రీవెయ్ అనండి. 24 గంటల్లోపు అదే స్కేల్ అయితే రెండోసారి చాలా తక్కువ తీసుకుంటారు. రెండు చీటీల్లోనూ మనుషులు, పెట్రోలు, సామాను ఒకేలా ఉండాలి. ఒకరు కాఫీకి దిగిపోయినా లెక్క 150 పౌండ్లు తప్పుతుంది.

ట్రక్ బరువు కట్టకముందు, కట్టాక: తేడాయే టంగ్ వెయిట్.

ఇంటి దగ్గరైతే బాత్రూం త్రాసుతో. నాలుగంగుళాల చదరపు (ఫోర్-బై-ఫోర్) దుంగ ఒకటి. ఒక కొస ఇటుకల మీద, రెండో కొస త్రాసు మీద, రెండు చోట్లా దుంగ కింద చిన్న పైపు ముక్క. ఇటుక వైపు పైపుకి అడుగు దూరంలో ట్రైలర్ జాక్ దిగాలి, అక్కణ్ణుంచి త్రాసు వైపు పైపుకి రెండడుగులు. త్రాసు చూపించిందాన్ని 3తో గుణించండి. జాక్ బాల్‌కి కాస్త వెనకుంటుంది కాబట్టి అసలు కన్నా కొంచెం ఎక్కువే చూపిస్తుంది. చక్రాలకి చాక్స్ (అడ్డు దిమ్మలు) పెట్టడం మర్చిపోకండి.

ఆస్టిన్_అబ్బులు
చీటీలు వచ్చాయి, పౌండ్లలో.

ట్రక్ ఒక్కటే: ముందు 3,060, వెనక 2,860, మొత్తం 5,920
ట్రైలర్‌తో: ముందు 2,800, వెనక 3,760, ట్రైలర్ యాక్సిళ్లు 6,280, మొత్తం 12,840

తూకం_రాళ్లు
ట్రక్ 5,920 నుంచి 6,560కి పెరిగింది. టంగ్ 640. ట్రైలర్ మొత్తం 12,840లో 5,920 తీసేస్తే 6,920. శాతం 9.2. దొరికాడు దొంగ.

ముందు యాక్సిల్ 260 పౌండ్లు పోగొట్టుకుంది. స్టీరింగ్ తేలిగ్గా అనిపించడం అందుకే.

నట్టు_బోల్టు
అబ్బులు గారూ, బాల్ నుంచి రెండు యాక్సిళ్ల నడుమకి, అక్కణ్ణుంచి ట్యాంక్ నడుమకి, బైకులకి టేపు పెట్టి చెప్పగలరా?

ఆస్టిన్_అబ్బులు
బాల్ నుంచి 19 అడుగులు. యాక్సిళ్ల నుంచి ట్యాంక్ 6 అడుగులు వెనక, బైకులు 12 అడుగులు వెనక. బైకులూ ర్యాకూ కలిపి 140 పౌండ్లు.

నట్టు_బోల్టు
నీళ్లు 50 × 8.34 = 417 పౌండ్లు. 417 × 6 ÷ 19 = 132. అంటే ఆ నీళ్లు మీ ముక్కుని 132 పౌండ్ల బలంతో పైకెత్తుతున్నాయి. బైకులు 140 × 12 ÷ 19 = 88. రెండూ తీస్తే 640 + 132 + 88 = 860. ట్రైలర్ బరువు 6,920 నుంచి 417, 140 తగ్గి 6,360 దగ్గర. 860 అంటే 13.5 శాతం. పైసా ఖర్చు లేదు.

బైకులు ట్రక్ బెడ్‌లో, వీలైనంత ముందుకి. నీళ్లు క్యాంప్‌గ్రౌండ్‌కి చేరాక నింపుకోండి. దారిలో చేతులు కడుక్కోవడానికి ఐదు గ్యాలన్లు చాలు. పైగా ట్రైలర్ వెనకుండే ఆ నాలుగంగుళాల చదరపు బంపర్ చాలావాటికి పల్చటి రేకు, మురుగు గొట్టం దాచుకోవడానికి పెట్టింది. దాని మీద రెండు ఈ-బైకులు గుంతల్లో ఎగిరితే వెల్డింగ్ చీలుతుంది. ట్రైలర్ తయారీదారు ఒప్పుకుంటాడో లేదో మాన్యువల్లో చూడండి.

లీడ్స్_లలిత
ఇంగ్లండ్‌లో క్యారవాన్‌లకి ఈ బార్లు కనిపించవు. ముక్కు బరువు 5 నుంచి 7 శాతం అని చెబుతారు, చాలా కార్ల టోబార్‌కి 100 కిలోల లోపే పరిమితి. బాల్‌ని రాపిడి ప్యాడ్లతో పట్టుకునే ఆల్-కో స్టెబిలైజర్ హెడ్ తోనే లాగేస్తారు. మీకెందుకు 13 శాతం?

కాడి_మేడి
మంచి ప్రశ్న లలిత గారూ. మీ క్యారవాన్‌ల కట్టుబాటే వేరు: తేలిక, యాక్సిల్ దాదాపు నడిమధ్యలో, బరువైనవన్నీ యాక్సిల్ మీదే. పైగా మోటార్‌వే మీద 60 దాటకూడదు, మూడు లేన్లుంటే కుడి లేన్‌లోకి రాకూడదు. ఇక్కడ పశ్చిమ టెక్సాస్ ఐ-10 మీద బోర్డే 80 అంటుంది, ట్రైలర్ కట్టుకుని 75లో పోయేవాళ్లున్నారు. ఊపు స్పీడుతో పాటు ముదురుతుంది. మీరు స్పీడు తగ్గించి నెగ్గుతారు, వీళ్లు టంగ్ బరువు పెంచి నెగ్గాలి. కాలిఫోర్నియాలో మాత్రం ట్రైలర్ కడితే 55 దాటకూడదని చట్టం.

డబుల్_యాక్సిల్
సరే, తూకం విషయంలో నా మాట వెనక్కి తీసుకున్నా. కానీ 860 టంగ్‌కి హిచ్ ఎలాగూ కావాలి కదా. ఇప్పుడైనా పేర్లు చెప్పుకుందామా?

నట్టు_బోల్టు
చెప్పుకుందాం. రకాల వారీగా.

గొలుసులతో వేలాడే గుండ్రటి లేదా చదరపు (ట్రనియన్) బార్లు, పక్కన విడిగా ఫ్రిక్షన్ బార్: అన్నిటికన్నా చవక. బరువు బాగానే పంచుతుంది. ఊగుడు ఆపేది ఆ పక్క కడ్డీ ఒక్కటే. దాన్ని రివర్స్‌కి ముందు విప్పాలి, లేకపోతే మలుపులో వంగిపోతుంది. వాన, మంచు రోడ్డు మీద వదులు చేయమంటారు. 28 అడుగులకి నేను చెప్పను.

నాలుగు చోట్ల రాపిడి ఉన్న రకం, అంటే ఈక్వలైజర్: గొలుసులుండవు, బార్లు ఎల్ ఆకారం బ్రాకెట్ల మీద కూర్చుంటాయి. హెడ్‌లో (బాల్ బిగించిన భాగంలో) రెండు సాకెట్లు, వెనక రెండు బ్రాకెట్లు, నాలుగు చోట్లా రుద్దుకుంటుంది. విప్పకుండానే రివర్స్ చేయొచ్చు. తిరిగేటప్పుడు కీచుమని మూలుగుతుంది, పార్కులో అందరూ తల తిప్పి చూస్తారు. అది జబ్బు కాదు.

క్యామ్ రకం, రీస్ డ్యూయల్ క్యామ్: బార్ల కొసల్లో గుంట, దానిలో క్యామ్ కూర్చుంటుంది. తిన్నగా ఉన్నప్పుడు స్థిరం, పక్కకి పోవాలంటే గుంట ఎక్కాలి. బిగించడంలో కొలత తప్పితే ఒకవైపు ఎప్పుడూ లాగుతుంది. ఓపిక ఉన్నవాళ్లకి.

బ్లూ ఆక్స్ స్వేప్రో: హెడ్ వంపు ముందే పెట్టి వస్తుంది, గొలుసు లింకులతో సర్దుకోవాలి. బార్లు వెనక్కి లాగి ట్రైలర్‌ని నడిమధ్యకి తెస్తుంటాయి. చప్పుడు తక్కువ, బార్లు తేలిక, ఏ-ఫ్రేమ్ (ట్రైలర్ ముక్కు దగ్గరి చట్రం) మీద చోటు తక్కువున్నా పడుతుంది. బార్‌ని మాత్రం అసలు టంగ్ బరువుకి దగ్గరగా ఎంచుకోవాలి.

ఆండర్సన్: ఉక్కు బార్ల బదులు గొలుసు, యూరిథేన్ బుష్‌లు. బాల్ కిందున్న కోన్ రాపిడితో ఊగుడు ఆపుతుంది. మొత్తం 60 పౌండ్ల దగ్గరే, చప్పుడుండదు, జిడ్డుండదు. తేలికపాటి ట్రైలర్లకి హాయి. 860 టంగ్‌లో ముందు యాక్సిల్‌కి బరువు వెనక్కివ్వడానికి మాత్రం ఉక్కు బార్లంత బలం రాదని నా అభిప్రాయం.

హెన్స్లీ, ప్రోప్రైడ్: లింకేజీలతో ట్రైలర్ తిరిగే కేంద్రాన్ని బాల్ దగ్గర్నుంచి ట్రక్ వెనక యాక్సిల్ వైపు జరుపుతాయి. ట్రైలర్ ట్రక్‌ని పక్కకి తోయడం దాదాపు ఉండదు. ధర మూడువేల డాలర్ల పైనే, బరువు రెండొందల పౌండ్ల దగ్గర.

వరంగల్_వ్యాగన్
మూడువేలా! గా పైసలతో ఊర్లె ట్రాక్టర్ ట్రాలీ వస్తది, అది ఊగినా ఎవ్వడు ఫోరం పెట్టడు.

ఆండర్సన్_అభిమాని
యూరిథేన్‌ని తీసిపారేయకండి. బుష్‌లు సరిగ్గా నొక్కుకునేదాకా నట్టు బిగిస్తే బరువు బాగానే పంచుతుంది. చాలామంది సగంలో ఆపేసి పని చేయట్లేదంటారు.

నట్టు_బోల్టు
సగంలో ఆపేస్తారన్నది నిజమే. కానీ వీరి ముందు యాక్సిల్‌కి దగ్గర దగ్గర 170 పౌండ్లు తిరిగి రావాలి. 5,000 పౌండ్ల ట్రైలర్ అయితే మీ మాటే నేనూ చెప్పేవాణ్ణి.

ఆస్టిన్_అబ్బులు
ఈక్వలైజర్‌కే మొగ్గుతున్నా. సైజుల్లో 600, 1,000, 1,200, 1,400 ఉన్నాయి. డీలర్ చెప్పిన 1,200 తీసుకుంటే నష్టమేంటి? బలంగా ఉంటే మంచిదేగా?

కాడి_మేడి
కాదు. బార్ అంటే స్ప్రింగ్. మరీ గట్టిదైతే వంగదు, ప్రతి గుంతలో ఆ దెబ్బ ట్రైలర్ ఏ-ఫ్రేమ్‌కీ రిసీవర్‌కీ పోతుంది. మరీ మెత్తదైతే వంగిపోతుంది, బరువు పంచదు.

లెక్క ఇలా: జీవీడబ్ల్యూఆర్ 7,600లో 13 శాతం 990. మీ అసలు టంగ్ 860. ట్రక్ బెడ్‌లో వెనక యాక్సిల్‌కి వెనక పెట్టే సామాను కూడా దీనికి కలపాలి, దాన్నీ బార్లే ఎత్తాలి కాబట్టి. బైకులు ముందుకి పెడితే అది సున్నాకి దగ్గర. 1,000/10,000 సైజు (టంగ్/ట్రైలర్ పౌండ్లు) సరిగ్గా సరిపోతుంది.

ఈ హిచ్‌లో ఇంకో మెలిక: ఊగుడు ఆపే రాపిడి, బార్లు బ్రాకెట్లని ఎంత నొక్కితే అంత. అంటే బరువు పంచే సర్దుబాటు సరిగ్గా చేస్తేనే ఊగుడు కూడా ఆగుతుంది.

డబుల్_యాక్సిల్
రేపు 9,000 పౌండ్ల ట్రైలర్ కొంటే?

కాడి_మేడి
ఎఫ్-150తోనా? అప్పుడు హిచ్ కాదు, ట్రక్ మార్చండి. డ్రైవర్ డోర్ పక్కనున్న పసుపు స్టిక్కర్లో పేలోడ్ (ట్రక్ తన మీద మోయగల బరువు) చూడండి, ట్రైలర్ లాగే బరువు కన్నా ముందు అదే అయిపోతుంది.

ఆస్టిన్_అబ్బులు
పేలోడ్ 1,580. ట్రక్ జీవీడబ్ల్యూఆర్ 7,050, వెనక యాక్సిల్ రేటింగ్ 4,050. 1,000 సైజు తెచ్చా, 2 5/16 అంగుళాల బాల్. బిగించడం నేనే చేద్దామని. వరస చెప్పండి.

తూకం_రాళ్లు
సమతలంగా ఉన్న చోటు వెతకండి, ఇంటి వాకిలి వాలుగా ఉంటే కుదరదు. ట్రక్, ట్రైలర్ రెండూ ప్రయాణానికి సర్దినట్టే ఉండాలి.

ముందు ట్రైలర్‌ని విడిగా లెవెల్‌లో నిలబెట్టి కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముక్కు) లోపలి పైభాగం నేల నుంచి ఎంతెత్తుందో కొలవండి. బాల్ పైభాగం దానికన్నా అర అంగుళం నుంచి అంగుళం పైన ఉండేలా హెడ్‌ని షాంక్ (రిసీవర్లో దూరే కడ్డీ) మీద పెట్టండి, కట్టాక ఎలాగూ దిగుతుంది. బాల్ కిందుండే దాని సొంత షాంక్ 1¼ అంగుళాలైతే బాల్ నట్టు 400 అడుగు-పౌండ్ల పైనే బిగించాలి, కచ్చితమైన అంకె మాన్యువల్లో ఉంటుంది. మామూలు టార్క్ రెంచ్ 250 దగ్గరే ఆగిపోతుంది, ముప్పావు అంగుళం డ్రైవ్ ఉన్నది అద్దెకి తెచ్చుకోండి.

తర్వాత ట్రక్ ముందు చక్రం పైన ఫెండర్ అంచు నుంచి నేలకి కొలత. ఇది మూడుసార్లు: ట్రైలర్ లేకుండా, ట్రైలర్ కట్టి బార్లు వేయకుండా, బార్లు వేశాక. ఎఫ్-150కి మాన్యువల్ చెప్పేది, లేచిన ఎత్తులో సగం వెనక్కి తేవాలని. వేరే బండికి వేరే అంకె, మీ మాన్యువల్లో ఉన్నదే తీసుకోండి.

హెడ్ వంపుకి ఐదు వాషర్లతో మొదలుపెట్టండి. బార్లు వేసేటప్పుడు బలప్రయోగం వద్దు: కప్లర్ లాచ్ వేసి, పిన్ను పెట్టి, ఆ తర్వాత టంగ్ జాక్‌తో ట్రక్ వెనకభాగంతో సహా మూడు నాలుగంగుళాలు లేపండి. బార్ చేత్తోనే బ్రాకెట్ మీద కూర్చుంటుంది. పిన్నులు పెట్టి జాక్ దించండి. విప్పేటప్పుడూ అంతే, జాక్ లేపకుండా బార్ పీకితే ఎగిరి మోకాలి చిప్ప మీదికొస్తుంది.

కొలత ఇంకా ఎత్తుగా ఉంటే ఎల్ బ్రాకెట్ ఒక రంధ్రం పైకి. రంధ్రాలు అయిపోతే వాషర్ ఒకటి కలపండి. చివరికి ట్రైలర్ లెవెల్‌గానో, ముక్కు రవ్వంత కిందికో ఉండాలి. ముక్కు పైకుంటే హెడ్‌ని ఒక రంధ్రం దించండి. ముక్కెత్తిన ట్రైలర్ బరువు వెనక యాక్సిల్ మీదకి పోయి మళ్లీ ఊగుడే.

డబుల్_యాక్సిల్
సగం ఎందుకు? ముందు ఎత్తు మొత్తం పాత కొలతకి తెస్తే స్టీరింగ్ గట్టిగా ఉంటుంది కదా. పాత పుస్తకాల్లో అలాగే ఉండేది.

తూకం_రాళ్లు
ఉండేది, నిజమే. కానీ ముందుకి పంపిందంతా వెనక యాక్సిల్ నుంచే పోతుంది. వెనక టైర్లు తేలికైతే, మలుపులో ట్రైలర్ తోసినప్పుడు అవే ముందు జారతాయి. ముందు చక్రం జారితే తిన్నగా పోతావు. వెనకది జారితే ట్రక్, ట్రైలర్ కత్తెరలా ముడుచుకుంటాయి. అందుకే మాన్యువల్ చెప్పిన దగ్గర ఆగాలి.

రామ్_లాగుడు
ఎయిర్ సస్పెన్షన్ ఉన్న రామ్ పికప్ వాళ్లకి ఒక మాట: కొలతలు తీసే ముందు టైర్ జాక్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే మీరు బార్ బిగిస్తుంటే అది గాలి నింపుకుని ఎత్తు సరిచేసుకుంటూ పోతుంది, పిల్లీ ఎలుకా ఆట.

ఆస్టిన్_అబ్బులు
ఫెండర్: విడిగా 37¾, బార్లు లేకుండా 39. సగం అంటే 38⅜. ఐదు వాషర్లతో 38⅝ వచ్చింది, ఆరోది కలిపితే 38⅜ దగ్గర ఆగింది. నీళ్లు ఖాళీ, బైకులు బెడ్‌లో. మళ్లీ స్కేల్‌కి పోయా.

ట్రక్ ఒక్కటే: ముందు 3,060, వెనక 3,000
బార్లు లేకుండా: ముందు 2,720, వెనక 4,200, ట్రైలర్ 5,500
బార్లతో: ముందు 2,900, వెనక 3,920, ట్రైలర్ 5,600

తూకం_రాళ్లు
టంగ్ 860, నట్టు_బోల్టు కాగితం మీద చెప్పిన అంకే. ముందు 340 పోతే 180 తిరిగొచ్చింది, సగానికి ఒక పిసరు ఎక్కువ. 280 వెనక నుంచి దిగి, 180 ముందుకి, 100 ట్రైలర్‌కి. బార్లు లేకుండా 4,200 అంటే మీ వెనక యాక్సిల్ రేటింగ్ 4,050 దాటేసింది, ఇప్పుడు 3,920తో లోపలికొచ్చింది. ట్రక్ మొత్తం 6,820, పరిమితి 7,050. ఇక ముట్టుకోకండి.

వరంగల్_వ్యాగన్
చీటీలు లామినేషన్ చేయించి అద్దానికి అతికించు అన్నా.

టైర్_పంచర్_తిరుమలయ్య
ఇంతమంది ఇంత రాశారు, గాలి ఎవరూ అడగలేదేం? ట్రైలర్‌కి వేసే ఎస్‌టీ (ట్రైలర్ రకం) టైర్లు లోడ్ రేంజ్ డి అయితే చల్లగా ఉన్నప్పుడు 65 పీఎస్ఐ, ఇ అయితే 80. పక్కగోడ మీద రాసినంత నింపాలి. ట్రక్‌కి కంపెనీ పీ-టైర్లు (కార్ల రకం) ఉంటే పక్కగోడలు మెత్తన, ట్రైలర్ తోసినప్పుడు ట్రక్ టైర్ మీదే ఒరుగుతుంది, జనం దాన్నీ స్వే అంటారు. వెనక టైర్లు 35 మీద ఉంటే పక్కగోడ మీదున్న గరిష్ఠం మించకుండా పెంచి చూడండి. తర్వాతిసారి ఎల్‌టీ (లైట్ ట్రక్) టైర్లు వేసుకోండి. పక్కగోడ మీద స్పీడు గుర్తు లేని ఎస్‌టీ టైర్లకి పరిమితి 65 మైళ్లే, అదీ గుర్తుంచుకోండి.

ఆస్టిన్_అబ్బులు
ట్రైలర్ టైర్లు డి. 52 ఉంది. సిగ్గుపడుతున్నా.

టైర్_పంచర్_తిరుమలయ్య
కంప్రెసర్ కొనుక్కో బాబూ, హిచ్‌లో పదో వంతు ధర.

పాలకొల్లు_పికప్
అన్నీ సరిగ్గా ఉన్నా ఐ-80 వ్యోమింగ్ గాలిలాంటిది తగిలితే ఊగొచ్చు. ఊగడం మొదలైతే ఏం చేయాలో కూడా ఇక్కడ ఉండాలి కదండీ.

కాడి_మేడి
స్టీరింగ్ తిన్నగా పట్టుకోవాలి, ఊపుకి ఎదురు తిప్పకూడదు. మన చేయి ఎప్పుడూ అర క్షణం ఆలస్యం, దాంతో ఊపు ఇంకా పెరుగుతుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాలి. ట్రక్ బ్రేక్ తొక్కకూడదు. ట్రక్‌లోంచి ట్రైలర్ బ్రేకులు నడిపే బ్రేక్ కంట్రోలర్ మీదున్న చేతి లీవర్ నొక్కి ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయాలి, వెనక్కి గుంజినట్టై ట్రైలర్ వరసలోకి వస్తుంది. స్పీడు పెంచితే తిన్నగా అవుతుందని చెప్పేవాళ్ల మాట వినకండి, ఆ తర్వాత వచ్చే ఊపు ఇంకా ఎక్కువ స్పీడులో వస్తుంది.

ఆ లీవర్ ఎక్కడుందో చూడకుండా చేతికి అందాలి. ఖాళీ పార్కింగ్‌లో 20 మైళ్ల మీద నొక్కి చూడండి: ట్రైలర్ లాగాలి కానీ చక్రాలు లాక్ అవ్వకూడదు. లాకయితే కంట్రోలర్ గెయిన్ (బ్రేక్ బలం) తగ్గించండి. ఈమధ్య పికప్‌లలో ఉండే ట్రైలర్ స్వే కంట్రోల్ దానంతటదే బ్రేకులు వేస్తుంది, కానీ అది వేసిందంటేనే ఏదో తప్పుగా సర్దారని అర్థం.

కొత్త_క్యాంపర్
మధ్యలో దూరుతున్నా. మాకు కియా టెల్యూరైడ్ ఎస్‌యూవీ ఉంది, లాగే రేటింగ్ 5,000. 22 అడుగుల ట్రైలర్, జీవీడబ్ల్యూఆర్ 4,900. మాక్కూడా ఇదే హిచ్ సరిపోతుందా?

నట్టు_బోల్టు
ముందు మీ బండి మాన్యువల్లో వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ వాడొచ్చని ఉందో లేదో చూడండి. ఫ్రేమ్ లేని ఎస్‌యూవీలకి కొన్ని కంపెనీలు వద్దంటాయి, వద్దంటే వద్దు. 4,900లో 13 శాతం 637, మీ టంగ్ పరిమితి 500. హిచ్ బరువు కూడా అందులోనే. నా మాట వింటే 3,500 లోపు ట్రైలర్ చూసుకోండమ్మా.

కొత్త_క్యాంపర్
కొనేశాం.

వరంగల్_వ్యాగన్
😬

నట్టు_బోల్టు
అయితే మీ తూకాలతో కొత్త థ్రెడ్ తెరవండి, ఇక్కడ కలిసిపోతుంది. ఈలోపు స్కేల్‌కి పోయి రండి.

ఆస్టిన్_అబ్బులు
శాన్ ఆంటోనియో దాకా వెళ్లొచ్చా. 65 మీద సెమీ దాటినప్పుడు ఒక్క తోపు, అంతే, తోక ఆడలేదు. ఒక్క డౌటు: పెట్రోల్ బంకులో తిప్పుతుంటే హిచ్ గేదెలా అరుస్తోంది. గ్రీజు ఎక్కడ రాయాలి?

నట్టు_బోల్టు
బాల్ మీద, హెడ్ సాకెట్ల లోపల రాయండి, లాగే ప్రతి రోజూ కొంచెం. ఎల్ బ్రాకెట్ల దగ్గర అరుపు మరీ ఎక్కువైతే దానికి అమ్మే తొడుగులున్నాయి, అవి వేసుకోండి. పాత ఫ్రిక్షన్ బార్ ఎవరికైనా ఇచ్చేస్తుంటే దాని ప్యాడ్లకి మాత్రం చుక్క నూనె కూడా తగలనివ్వొద్దని చెప్పండి, తగిలితే ఇక అది పనికిరాదు.

షాంక్ బోల్టులు మొదటి ట్రిప్పు తర్వాత మళ్లీ 320 అడుగు-పౌండ్లకి చూశారా?

ఆస్టిన్_అబ్బులు
చూళ్లేదు. రెంచ్ అద్దెకి తెచ్చింది నిన్ననే తిరిగిచ్చేశా 🤦

డబుల్_యాక్సిల్
నా దగ్గర ఉంది, రౌండ్ రాక్‌లో ఉంటాను. ఆదివారం రండి.